కాగితం మీద ‘తలుపు’ అని రాశారు

ప్రశ్న: అన్నయ్యా, నమస్తే. మేం జీడిమెట్ల దగ్గర ఉంటాం. మా ఆయనకు 34 ఏళ్లు. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద ప్రెస్ (రేకును నొక్కి ఆకారం తెచ్చే మెషీన్) ఆపరేటర్. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, కట్ అవుతుంది. పన్నెండు రోజుల కిందట నైట్ షిఫ్ట్‌లో, తెల్లవారుజామున రెండున్నరకు, డైలో, అంటే ప్రెస్ కింద ఉండే అచ్చులో, ఇరుక్కున్న పీస్‌ను చేత్తో తీస్తున్నాడు. షిఫ్ట్ ఇన్‌చార్జి వెనకనుంచి వచ్చి, ‘టార్గెట్ మీ తాత కొడతాడా’ అంటూ మెడ మీద గట్టిగా కొట్టాడు. ఆయన ముందుకు తూలాడు, కాలు పెడల్ మీద పడింది. ప్రెస్ దిగిపోయింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదలంటా పోయాయి. ఆ మెషీన్‌కు రెండు చేతులతో నొక్కే బటన్లు ఉన్నాయట, కానీ వాటితో లెక్క రాదని కనెక్షన్ తీసేసి పెడల్ పెట్టారట. కంపెనీ జీపులోనే ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లారు. అక్కడి కాగితాల్లో ‘ఇంటి తలుపులో చెయ్యి నలిగింది’ అని ఉంది. హెచ్‌ఆర్ ఆయన ఇంటికి వచ్చి, 50 వేలు ఇస్తాం, ఉద్యోగం ఉంటుంది, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. మా ఆయనేమో గొడవెందుకు, పెట్టేద్దాం అంటున్నాడు. మా మరిది కుర్రాళ్లను వేసుకుని గేటు దగ్గర ఆ ఇన్‌చార్జిని కొడతానంటున్నాడు. ఇంకో సంగతి దాచకుండా చెబుతున్నాను. ఆ ఇన్‌చార్జికీ మా ఆయనకూ ఆరు నెలల కిందట చీటీ డబ్బుల దగ్గర మాటామాటా వచ్చింది. ఇది ప్రమాదం కిందకి వస్తుందా, కొట్లాట కిందకి వస్తుందా? పోలీసుల దగ్గరికి వెళ్తే ఈఎస్ఐ రాదంటున్నారు, నిజమేనా? మా ఆయన ఎడం చేత్తో తినలేక, నన్ను కలిపి పెట్టమనలేక, రెండు పూటలా మజ్జిగన్నం గ్లాసులో పోసుకుని తాగేస్తున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లెమ్మా, మీరు అడిగిన వాటికి ఒక్కొక్కటిగా చెబుతాను. ముందు మీరు ప్రశ్నగా అడగని సంగతి ఒకటుంది, నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. ‘ఇంటి తలుపులో చెయ్యి నలిగింది.’ ఆ నర్సింగ్ హోమ్ డాక్టరు మీ ఇంటి తలుపు చూశాడా? జీపులో వెంట వచ్చినవాళ్లు ఏం చెబితే అది రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం అలాగే ఉండిపోతే మీ ఆయన వేళ్లు ఫ్యాక్టరీలో పోయినట్టు కాదు, మీ గుమ్మంలో పోయినట్టు లెక్క. ఇప్పుడు హెచ్‌ఆర్ తెచ్చిన కాగితంలోనూ ఆ వాక్యమే ఇంకోలా ఉండి ఉంటుంది, చదివి చూడండి. చట్టం ఇచ్చిన పరిహారం నాకొద్దని కార్మికుడు రాసిచ్చినా అది చెల్లదు. అందుకని 50 వేల అంకె గురించి నాకు అంత బెంగ లేదు. కానీ ‘ఫ్యాక్టరీలో నాకేమీ జరగలేదు’ అని ఆయన చేత్తోనే ఒప్పించుకుంటే, దాన్నుంచి బయటపడటానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి సంతకం వద్దు. తిట్టి పంపొద్దు, మర్యాదగానే చెప్పండి: ‘మా అన్నయ్యకు చూపించి చెబుతాం సార్.’ వీలైతే ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ప్రమాదమా, కొట్లాటా అన్నారు. రెండూనమ్మా. రెంటిలో ఒకటి ఎంచుకోమని మిమ్మల్ని ఎవరైనా అడుగుతున్నారంటే, రెండోదాన్ని మాయం చెయ్యడానికే. ఈఎస్ఐ భాషలో చూడాల్సింది ఒక్కటే: పనిలో ఉండగా, పని కారణంగా దెబ్బ తగిలిందా? పనిలో ఉండగా తగిలిందని తేలితే, పని కారణంగానే తగిలిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని చెప్పేవాళ్లే రుజువు చూపించాలి. ఒక మనిషి కావాలని కొడితే అది ప్రమాదం ఎలా అవుతుందని ఆఫీసులో ఎవరైనా అడ్డు తగలొచ్చు. ఆటో కోసం ఒక ఆటో డ్రైవర్‌ను చంపేసిన కేసులో సుప్రీంకోర్టు 2000లో ఈ చిక్కే విప్పింది. చంపినవాడికి అది నేరం, చచ్చిపోయిన డ్రైవర్ వైపునుంచి చూస్తే అనుకోని ప్రమాదం అంది. అది మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన కేసే అయినా, కార్మికుల పరిహారం తీర్పుల్లో ‘ప్రమాదం’ అన్న మాటకున్న అర్థాన్నే కోర్టు ఆధారం చేసుకుంది.

చీటీ డబ్బుల గొడవ చెప్పి మంచి పని చేశారు. కంపెనీ వకీలు మొదట లాగే తీగ అదే. ‘వాళ్లిద్దరికీ బయట పాత పగ ఉంది, మాకేం సంబంధం?’ అంటాడు. సొంత పగతో కొట్టుకుంటే అది పని కారణంగా తగిలిన గాయం కాదని వాదించే వీలుంది కూడా. అందుకని దాన్ని దాచొద్దు, అలాగని అర్జీలో దాని చుట్టూ కథ అల్లొద్దు. ఆ క్షణంలో ఇన్‌చార్జి నోట వచ్చిన మాట ఏమిటి? టార్గెట్. చీటీ కాదు. ఆ తిట్టును తిట్టులాగే, ఆయన విన్నది విన్నట్టు రాయించండి. మర్యాద కోసం ‘దుర్భాషలాడాడు’ అని దిద్దితే మీ కేసుకు ప్రాణమైన మాట పోతుంది.

పోలీసుల దగ్గరికి వెళ్తే ఈఎస్ఐ రాదన్నది పచ్చి అబద్ధం. అది వేరే దారి, ఇది వేరే దారి. ఒకదాని కాగితం రెండోదానికి సాయపడుతుంది కూడా. స్టేషన్‌కు మీ ఆయనే వెళ్లాలి, మీరు పక్కన ఉండండి. ఫిర్యాదు పొడుగ్గా అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు: ‘ఫలానా తేదీ తెల్లవారుజామున సుమారు 2.30కు ఫలానా నంబర్ ప్రెస్ మీద పనిలో ఉన్నాను. డైలో ఇరుక్కున్న పీస్ తీస్తుండగా షిఫ్ట్ ఇన్‌చార్జి వెనకనుంచి ఈ మాట అంటూ నా మెడ మీద కొట్టాడు. నేను తూలి పెడల్ మీద కాలు వేయడంతో ప్రెస్ దిగి రెండు వేళ్లు తెగిపోయాయి. మెషీన్‌కున్న రెండు చేతుల బటన్లు పనిచేయడం లేదు. నన్ను నర్సింగ్ హోమ్‌కు తెచ్చినవాళ్లు గాయం ఇంట్లో అయిందని తప్పుగా రాయించారు. ఆపరేషన్ వల్ల, భయం వల్ల ఇన్ని రోజులు రాలేకపోయాను.’ ఆ ఆఖరి వాక్యం మరిచిపోవద్దు. పన్నెండు రోజులు ఏం చేశారని కోర్టులో తప్పకుండా అడుగుతారు, జవాబు మొదటి కాగితంలోనే ఉండాలి.

భారతీయ న్యాయ సంహిత ప్రకారం శరీరంలో ఒక అవయవం గానీ కీలు గానీ పోతే అది తీవ్ర గాయం. కావాలని చేశాడని తేలితే ఏడేళ్ల దాకా జైలు. అయితే ఉన్నమాట చెప్పాలి. ఇన్‌చార్జి మెడ మీద కొట్టాడు గానీ వేళ్లు తెగాలని కొట్టలేదు అని వాళ్లు వాదిస్తారు. అప్పుడు పోలీసులు ప్రాణాలకు ముప్పు తెచ్చేంత నిర్లక్ష్యం అన్న సెక్షన్ పెట్టవచ్చు, దానికి తీవ్ర గాయమైతే మూడేళ్ల దాకా శిక్ష. ఏ సెక్షన్ అన్నది మీరు తేల్చాల్సిన పని కాదు. జరిగింది చెప్పండి, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి, అది ఉచితం. మా పరిధి కాదు అంటే, ఏ స్టేషన్‌లోనైనా రాసుకోగలిగే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి. అసలే తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోస్టులో డీసీపీకి పంపండి, ఆపైన మెజిస్ట్రేటు ఉన్నారు. మామూలుగా అయితే ఆసుపత్రివాళ్లే ఎమ్మెల్సీ రాసి పోలీసులకు కబురు పెడతారు. ఎమ్మెల్సీ అంటే మండలిలో కూర్చునే ఆయన కాదు, మెడికో లీగల్ కేసు. మీకు ఆ తలుపు కథ అల్లింది ఆ ఎమ్మెల్సీ తప్పించడానికే అని నా అనుమానం. నర్సింగ్ హోమ్‌కు ఒక దరఖాస్తు ఇచ్చి కేస్ షీట్ కాపీ అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నియమావళిలోనే ఉంది. పాత రాతను కొట్టేసి దిద్దమని వాళ్ల మీద పడొద్దు. ఆ రాత అలాగే ఉండనివ్వండి, దాని పక్కన మీ మాట వేరే కాగితం మీద ఉంటుంది. మొదలంటా తెగిన రెండు వేళ్ల గాయం తలుపు సందులో నలిగిన గాయంలా ఉండదని ఏ సర్జన్ అయినా చెబుతాడు.

సీసీ కెమెరా సంగతి తొందరగా చూడండి. పాతది చెరిపి కొత్తది రాసుకుంటూ పోతుంది అది. ఆ రాత్రి ఫుటేజీ దాచిపెట్టమని కంపెనీకి ఒక రిజిస్టర్డ్ పోస్టు, పోలీసులకు ఒక ముక్క. ఫుటేజీ పోయినా ఇంకొకటుంది, ఎవరికీ గుర్తురాదు: ప్రొడక్షన్ స్లిప్పు. ఆ మెషీన్ మీద గంటగంటకూ ఎన్ని పీసులు పడ్డాయో రాస్తారు. రెండింటి దాకా వందల్లో ఉండి, మూడింటికి సున్నా ఉంటుంది. తలుపు మీ ఇంట్లో పడితే ప్రెస్ ఎందుకు ఆగింది మరి? పక్క మెషీన్ మీదున్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు మీ ఆయన చేత రాయించి పెట్టుకోండి. వాళ్లలో బిహార్, ఒడిశా కుర్రాళ్లు ఉంటే సాక్ష్యం చెప్పమని ఇప్పుడే గుచ్చొద్దు, వాళ్ల గది అద్దె కూడా ఆ కాంట్రాక్టరే కడుతుంటాడు. పిలవాల్సినప్పుడు పోలీసులు పిలుస్తారు.

ఇక డబ్బు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మీ ఆయన సగటు రోజు జీతం 600 అనుకుందాం. గాయంతో పనికి పోలేని రోజులన్నిటికీ, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉంటే, ఈఎస్ఐ అందులో 90 శాతం ఇస్తుంది. అంటే రోజుకు 540. ఆ సర్టిఫికెట్ ప్రైవేటు డాక్టరు ఇస్తే సరిపోదు, అందుకని ఈ కాగితం చదవగానే మీ డిస్పెన్సరీకో, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికో వెళ్లండి. కట్టు కూడా అక్కడే మార్పించండి. గాయం మానాక మెడికల్ బోర్డు ముందుకు పంపుతారు. ఏ అవయవం పోతే సంపాదించే శక్తి ఎంత పోయినట్టో చట్టంలోనే పట్టిక ఉంది. బొటనవేలికి 30 శాతం. చూపుడువేలు మొత్తానికి 14. ఒక చేతి రెండు వేళ్లకు 20. మీ ఆయనది ఆ 20. అంటే 540లో 20 శాతం, రోజుకు 108 రూపాయలు, నెలకు సుమారు 3,240. ఎన్నాళ్లు? బతికినన్నాళ్లు. మళ్లీ అదే ఫ్యాక్టరీలో అదే జీతానికి చేరినా ఇది ఆగదు. హెచ్‌ఆర్ చూపిస్తున్న 50 వేలు పదహారు నెలల్లో దాటిపోతుంది, మీ ఆయనకేమో ఇంకా 34. బోర్డు తక్కువ శాతం రాసిందనిపిస్తే మూడు నెలల్లోపు అప్పీలు ఉంది. పనికి పోలేక ఇంట్లో ఉండి ఆ 90 శాతం భత్యం తీసుకుంటున్న కాలంలో ఆయన్ను పనిలోంచి తీసేయడానికి కూడా లేదు. ‘ఉద్యోగం ఉంటుంది’ అన్నది హెచ్‌ఆర్ దయ కాదన్నమాట.

ఇది దక్కాలంటే కంపెనీ యాక్సిడెంట్ రిపోర్ట్ పంపాలి. వాళ్లు పంపరు కాబట్టి, జరిగింది రాసి మీరే ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. కాంట్రాక్టు లేబర్ అన్న మాటకు జడవొద్దు, ఈఎస్ఐ కట్టించే బాధ్యత ఫ్యాక్టరీ యజమానిది కూడా. మీ ఆయన ఐపీ నంబర్ (ఈఎస్ఐ బీమా నంబర్) వివరాల్లో చేరిన తేదీ ఏముందో చూడండి. దెబ్బ తగిలిన మర్నాడు పేరు ఎక్కించిన కేసులు నేను చూశాను. అలా ఉన్నా హక్కు పోదు, జీతం పడిన బ్యాంకు ఎంట్రీలు చూపిస్తే చాలు. డైలో చెయ్యి పెట్టడం రూలుకు విరుద్ధం అని కూడా అంటారు. యజమాని పని కోసం చేస్తూ రూలు తప్పినా, అది ఉద్యోగ గాయమే అని చట్టం స్పష్టంగా చెప్పింది. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు కార్మిక పరిహారం కింద మళ్లీ విడిగా రాదు. జీతం 21 వేలు దాటి ఈఎస్ఐ లేని పాఠకులెవరైనా ఇది చదువుతుంటే, మీ దారి కార్మిక శాఖలో పరిహారం కేసు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన సంగతి. మీ ఉత్తరంలో ఇన్‌చార్జి గురించి నాలుగైదు వాక్యాలున్నాయి, బటన్ల గురించి ఒక్కటే. నన్నడిగితే తలకిందులుగా ఉండాలి. రెండు చేతుల బటన్లు ఎందుకు పెడతారు? రెండు చేతులూ బటన్ల మీద ఉంటే తప్ప ప్రెస్ దిగకూడదని. చెయ్యి డైలో ఉంటే మెడ మీద పిడుగు పడ్డా అది దిగదు. ఆ కనెక్షన్ తీసి పెడల్ పెట్టిన రోజునే మీ ఆయన వేళ్లు సగం తెగాయి. అలాంటి మెషీన్ దగ్గర చెంపదెబ్బ కూడా కత్తిపోటే. కంపెనీ గట్టిగా ఇరుక్కుంటే ఏం చేస్తుందో చెప్పనా? ఇన్‌చార్జిని వదిలేస్తుంది. వాడు దుర్మార్గుడు, తీసేశాం అంటుంది. వాడి మీద టార్గెట్ పెట్టిన మేనేజరు ఉంటాడు, ఆ పెడల్ ఉంటుంది, ఆ ప్రెస్ ముందు ఇంకో కుర్రాడు నిలబడతాడు. అందుకని మూడో కాగితం ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్‌కు వెళ్లాలి. 48 గంటలు, ఆపైన పనికి రాలేని గాయమైతే యాజమాన్యమే ఆ శాఖకు తెలపాలి, తెలిపి ఉండరు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం భద్రత నియమాలు తప్పడం వల్ల తీవ్ర గాయమైతే బాధ్యుడికి ఏడాది దాకా జైలు గానీ, 2 లక్షల నుంచి 4 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. ఆ జరిమానాలో కనీసం సగం బాధితుడికి ఇమ్మని కోర్టు చెప్పవచ్చు. పాత చట్టాలు కోడ్‌లలో కలిసి నంబర్లు మారాయి కాబట్టి, మీ అర్జీల్లో సెక్షన్లు రాయాలని తంటాలు పడొద్దు. మెషీన్ నంబర్ రాయండి, అది చాలు.

ఇవన్నీ రాసిపెట్టేవాళ్లు లేరంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఫ్యాక్టరీ కార్మికుడికి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ 15100.

మీ మరిదికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. బాబూ, నీ కడుపుమంట నాకు తెలుసు. 2012 జనవరి 27న యానాంలో ఏం జరిగిందో నువ్వు చిన్నవాడివి, గుర్తుండకపోవచ్చు. సిరామిక్స్ ఫ్యాక్టరీ దగ్గర పోలీసుల లాఠీచార్జి తర్వాత యూనియన్ నాయకుడు చనిపోయాడు. ఆ కోపంలో జనం కంపెనీ ప్రెసిడెంటును కొట్టి చంపారు, ఫ్యాక్టరీని తగలబెట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ గేటు తెరుచుకోలేదు. దాని మీద బతికిన కుటుంబాలు ఎటుపోయినవి అటు పోయాయి. అదే ఏడు జూలై 18న హర్యానాలోని మానేసర్ కార్ల ఫ్యాక్టరీలో గొడవ మొదలైంది కూడా ఒక సూపర్‌వైజరుకూ కార్మికుడికీ మధ్య తగాదాతోనే. ఒక మేనేజరు మంటల్లో చనిపోయాడు. 148 మందిని పట్టుకెళ్లారు. 2017లో కోర్టు వాళ్లలో 117 మంది నిర్దోషులంది. అప్పటికి వాళ్లలో చాలామంది ఏళ్లు జైల్లో గడిపేశారు. నువ్వు గేటు దగ్గర ఆ ఇన్‌చార్జి మీద చెయ్యి వేసిన నిమిషంలో ఏమవుతుందంటే, ఇవాళ ముద్దాయిగా ఉండాల్సినవాడు ఫిర్యాదిదారు అవుతాడు. మీ అన్న కేసు ‘ఇరువర్గాల ఘర్షణ’ అవుతుంది. నీకు అంత ఒంట్లో సత్తువ ఉంటే రోజూ పొద్దున్నే అన్నను బండి మీద ఎక్కించుకుని ఈఎస్ఐ లైన్లో నిలబడు. అక్కడ చాలా సత్తువ కావాలి.

మీ ఆయన గొడవెందుకంటున్నాడని కోప్పడొద్దు, చెల్లెమ్మా. నొప్పి కన్నా సిగ్గు ఎక్కువగా ఉంటుంది ఆ పరిస్థితిలో. అందరి ముందూ మెడ మీద దెబ్బ తిన్నానన్నది ఆయన మీకు కూడా మొదటిరోజే చెప్పి ఉండడు. నాకు తెలుసు, ఎందుకంటే నా కుడి చూపుడువేలు పై కణుపు 1991లో ఇలాంటి ప్రెస్ కిందే పోయింది. నన్నెవరూ కొట్టలేదు, కానీ ఫోర్‌మన్ వెనకే నిలబడి లెక్కపెడుతున్నాడు. రెండు వేల రూపాయలు, ఒక తెల్లకాగితం ఇచ్చారు. సంతకం పెట్టేశాను. కణుపు ఒక్కదానికి పట్టికలో 9 శాతం ఉందని నాకు తెలిసేసరికి పదేళ్లు గడిచాయి. యూనియన్ ఆఫీసులో కూర్చుని ఇలాంటి కాగితాలు రాసిపెట్టడం అప్పుడు మొదలుపెట్టాను.

కట్టు విప్పాక ఫిజియోథెరపీ మానొద్దని చెప్పండి. మిగిలిన వేళ్లు వాడకపోతే బిగుసుకుపోతాయి, అప్పుడు నిజంగా నష్టం. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే ఈఎస్ఐ ఆసుపత్రిలోనే సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి, బిడియం అక్కర్లేదు. అన్నం మాటకొస్తే, చెంచా ఇచ్చి చూడండి, వద్దంటే బలవంతం చెయ్యొద్దు. బొటనవేలుంది, ఉంగరపు వేలుంది, చిటికెన వేలుంది. వాటితో ముద్ద చేయడం వస్తుంది. నాది ఒక్క కణుపే అయినా నాకు రెండు నెలలు పట్టింది. మొదట పెరుగన్నం, తర్వాత ముద్దపప్పు. పులుసన్నం మాత్రం వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది, దాన్ని ఆఖరున పెట్టండి.